పీఎస్‌ఏ తగ్గింది కదా, ఇంకా ఇంజెక్షన్ ఎందుకంటున్నారు మావారు

ఈ వారం ఉత్తరం బెంగళూరు రామమూర్తినగర్ నుంచి వచ్చింది. రాసినావిడకు అరవై ఏళ్లు. పేరు వేయొద్దన్నారు. వాళ్లది మదనపల్లె దగ్గర పల్లె, బెంగళూరు వచ్చి ముప్పై ఐదేళ్లయింది. భర్తకు 67, ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కొంచెం షుగర్ ఉంది. ఈ ఏడాది మే నెలలో నడుము నొప్పి అని వెళ్తే పీఎస్‌ఏ 142 వచ్చింది (మగవాళ్లలో ఉండే ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే రక్తపరీక్ష ఇది, ఆ అంకె చాలా ఎక్కువ). బయాప్సీ, స్కాన్లు అయ్యాక ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. వెన్నుపూసలో రెండు చోట్ల, తుంటి ఎముకలో ఒక చోట మచ్చలున్నాయి. జూన్ 20న హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మూడు నెలలకొకటి. దాంతోపాటు రోజూ నాలుగు అబిరాటెరోన్ మాత్రలు, ఒక చిన్న స్టెరాయిడ్ మాత్ర. నెలన్నరలో నడుము నొప్పి పోయింది. ఈ నెల మొదట్లో పీఎస్‌ఏ 0.6.

ఆ అంకె చూసినప్పటి నుంచి ఆయన "రోగం పోయింది, ఇంక సూది వేసుకోను" అంటున్నారు. డిసెంబరు 20న మూడో ఇంజెక్షన్ ఉంది. టెక్సస్‌లో ఉన్న కొడుకు మానొద్దని ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు. హోసూరులో ఉన్న కూతురు, ప్రతిసారీ అంత ఖర్చెందుకు, డాక్టరు మొదట్లో చెప్పిన ఆపరేషన్ చేయించెయ్యండి అంటోంది. ఆ మాట వింటేనే ఆయన "కోడెకు విత్తులు కొట్టించినట్టు నన్నూ ఎద్దును చేస్తారా" అని అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయారట. మరిదికి మాత్రం కిడ్నీలో రాయి అని చెప్పారు. ఆ మరిది ఏదో చెట్టుమందు పొడి తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్నే వాడదామంటున్నారు.

తర్వాత ఆవిడ ఇలా రాశారు: "ఈ మందు మొదలైనప్పటి నుంచి ఆయన ఆయనలా లేరు. రాత్రి రెండింటికి లేచి ఫ్యాన్ పెద్దది చేసుకుంటారు. బయట అంత చలి, నేను రగ్గు కప్పుకున్నా వణుకు. నాలుగు నెలలుగా హాల్లో పడుకుంటున్నారు. టీవీలో ఏదో పెళ్లి సీను వస్తే ఏడ్చారు. ఎందుకని అడిగితే విసుక్కున్నారు. మొన్న 'ఎందుకీ బతుకు' అన్నారు. కాళ్లు కూడా కొంచెం వాచినట్టున్నాయి. మాత్రలు నేనే దగ్గరుండి ఇడ్లీతో వేయిస్తున్నాను. ఇంజెక్షన్ వేయించాలా వద్దా, ఆయన్ని ఎలా ఒప్పించాలి, మీరే చెప్పండి."

అమ్మా,

ముందు ఆ ఇడ్లీ సంగతి. ఇది 20వ తేదీ దాకా ఆగేది కాదు, ఈ రోజే చూడండి. మీరు ప్రేమగా చేస్తున్న పనే గానీ, అబిరాటెరోన్ మాత్రలు మామూలుగా ఖాళీ కడుపున వేసుకోవాలి. తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక మళ్లీ గంట దాకా ఏమీ తినకూడదు. తిండితో కలిస్తే ఆ మందు ఒంట్లోకి చాలా ఎక్కువగా పోతుంది. నూనె, నెయ్యి బాగా ఉన్న తిండితోనైతే పది రెట్ల దాకా పెరగొచ్చు. బీపీ పెరగడం, పొటాషియం తగ్గడం, కాళ్లలో నీరు చేరడం దాని లక్షణాలే. ఆయన కాళ్ల వాపు దీనివల్లే అని నేను అనను, కావచ్చు. చిన్న స్టెరాయిడ్ మాత్ర సంగతి వేరు, దాన్ని తిండితోనే వేసుకోవచ్చు. రెండూ ఒకే డబ్బాలో ఉండేసరికి కలిసిపోయి ఉంటాయి. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇన్నాళ్లు టిఫిన్‌తో వేశామని ఉన్నదున్నట్టు చెప్పండి. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చేయమంటారు. స్టెరాయిడ్ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

ఇక ఇంజెక్షన్.

142 నుంచి 0.6కి రావడం నిజంగా మంచి కబురు. ఆయన సంతోషాన్ని తీసిపారేయకండి. ఆరు నెలల్లో ఇంత తగ్గినవాళ్లు తగ్గనివాళ్ల కంటే ఎక్కువ కాలం బాగుంటారని డాక్టర్లకు అనుభవం. కానీ అంకె ఎందుకు తగ్గిందో ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మేత మగ హార్మోను, టెస్టోస్టెరాన్. అమెరికాలో చార్ల్స్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో ఈ సంగతి రుజువు చేశారు, 1966లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ హార్మోనులో ఎక్కువ భాగం వృషణాల్లోనే తయారవుతుంది. ఇంజెక్షన్ పని, మెదడు నుంచి వాటికి వెళ్లే ఆజ్ఞను ఆపడం. మాత్రల పని, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాల్లోనూ తయారయ్యే మిగతా కొంచెం హార్మోనునూ ఆపడం. అంటే చెరువు తూము మూసి, పక్క కాలువకు కూడా అడ్డుకట్ట వేశారు.

ఆయన పల్లెలో పుట్టి పెరిగినవారు కాబట్టి ఇలా చెప్పి చూడండి. ఎండాకాలంలో పొలం గట్టున గరిక చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటాం. నాలుగు చినుకులు పడనీ, వారానికల్లా పచ్చగా లేస్తుంది. ఎముకల్లోకి వెళ్లిన క్యాన్సర్ ఇప్పుడు ఎండిన గరిక. వేరు పోలేదు.

పూర్తిగా మానేస్తే ఏమవుతుందంటే, టెస్టోస్టెరాన్ నెలల మీద మెల్లగా తిరిగి వస్తుంది, దాంతో రోగమూ లేస్తుంది. ఆయన వయసులో ఆ హార్మోను తిరిగి రావడానికి చాలా నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాదు కూడా. అంటే సూది మానిన మర్నాడు పాత మనిషి అయిపోతానని ఆయన అనుకుంటుంటే అది జరగదు. పోగొట్టుకున్నది వెంటనే రాదు, అణగినది మాత్రం లేచే దారి దొరుకుతుంది. రోగం లేచిన చోటు వెన్నుపూస అయితే నరాల మీద ఒత్తిడి పడి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. మానినా మానకపోయినా ఇది మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి: ఉన్నట్టుండి కాళ్లలో బలం తగ్గినా, ఒంటికి రెంటికి తెలియకుండా అయిపోతున్నా, వెన్ను నొప్పి ఒక్కసారిగా పెరిగినా అదే రోజు, అర్ధరాత్రైనా సరే, ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

"కొన్నాళ్లు ఆపి, పీఎస్‌ఏ పెరిగితే మళ్లీ వేసుకుంటా" అని ఆయన అడగొచ్చు. అది తెలివి తక్కువ ప్రశ్న కాదు, డాక్టర్లూ ఆ ప్రశ్న వేసుకున్నారు. క్యాన్సర్ వేరే చోట్లకు పాకినవాళ్లకు ఏడు నెలలు మందు ఇచ్చి, పీఎస్‌ఏ బాగా తగ్గిన 1,535 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఆ ఫలితం 2013లో వచ్చింది. ఆపకుండా వేసుకున్నవాళ్లలో సగం మంది 5.8 ఏళ్లకు పైగా, ఆపి ఆపి వేసుకున్నవాళ్లలో సగం మంది 5.1 ఏళ్లకు పైగా బతికారు. ఆపినవాళ్లకు మొదటి మూడు నెలల్లో మనసు, దాంపత్యం కొంత మెరుగనిపించాయి, తర్వాత ఆ తేడా నిలవలేదు. అందుకే పాకిన క్యాన్సర్‌కు ఆపకుండా ఇవ్వడమే ఇప్పటికీ రివాజు. పైగా మీవారు వేసుకునే మాత్రలను ఇలా మొదట్లోనే జోడించడం వల్ల చనిపోయే ముప్పు మూడో వంతుకు పైగా తగ్గిందని 2017లో రెండు పెద్ద పరిశోధనలు చెప్పాయి. అయితే వాటికి అడుగున ఇంజెక్షనో ఆపరేషనో ఉండాలి. ఇవన్నీ విన్నాక కూడా కొన్ని నెలల విరామం కావాలంటే ఆ హక్కు ఆయనది. కానీ అది డాక్టరుకు చెప్పి, నెలనెలా పరీక్షలు చేయించుకుంటూ తీసుకునే విరామం కావాలి. ఇంట్లో అలిగి మానేయడం విరామం కాదు.

ఇంక ఆపరేషన్. మీ అమ్మాయి చెప్పిన దాంట్లో తప్పు లేదు. రెండు వృషణాలు తీసేస్తే టెస్టోస్టెరాన్ ఒక రోజులోనే అడుగంటుతుంది. రోగం మీద ఫలితం ఇంజెక్షన్‌తో సమానం. చిన్న ఆపరేషన్, ఒకసారితో అయిపోతుంది, మూడు నెలలకోసారి తేదీ చూసుకుంటూ టెన్షన్ పడక్కర్లేదు, ఖర్చు చాలా తక్కువ. జీవితాంతం మందు వాడాల్సినవాళ్లకు ఇది మంచి దారే. ఇబ్బంది ఒక్కటి, వెనక్కి తీసుకోలేం. మాత్రలు ఎలాగూ కొనసాగుతాయి, ఒంటి వేడీ నీరసమూ అలాగే ఉంటాయి.

ఆయన "ఎద్దును చేస్తారా" అన్నారు కదా. నాకు ఆ మాట చదివి గుండె కలుక్కుమంది. కోపం కాదమ్మా అది. ఆరు నెలలుగా లోపల్లోపల అవమానపడుతున్న మనిషి నోట వచ్చిన మాట. నిజానికి ఇంజెక్షన్ చేస్తున్నదీ అదే పని, కత్తి లేకుండా. ఈ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, తెలిసీ పైకి అనకపోవచ్చు. కనిపించడం, కనిపించకపోవడమే ఆయనకు ముఖ్యమైతే, పై సంచీని, పొరను అలాగే ఉంచి లోపలి భాగం మాత్రమే తీసే పద్ధతి కూడా ఉందని డాక్టరును అడగవచ్చు. గొంతు మారదు, మీసం పోదు. అది కూడా ఎవరైనా చెప్పాలి కదా ఆయనకు. అంతా విని కూడా వద్దంటే, అమ్మాయిని ఇంకోసారి ఆ మాట ఎత్తొద్దనండి.

మద్రాసు పెరంబూరులో మా పెదనాన్న ఉండేవారు. ఆయనకూ ఇదే రోగం. ఆ రోజుల్లో ఆపరేషనే చేయించుకున్నారు. మా పెద్దమ్మకు హెర్నియా అని చెప్పారు. ఆవిడ నమ్మి ఆరేళ్లు ఆయనకు బరువులెత్తనివ్వలేదు. మంచాలు వేరయ్యాయి, ఎందుకో ఆవిడకు తెలియలేదు, తన మీద మనసు విరిగిందనుకున్నారు. ఆయన పోయిన పదకొండో రోజున బీరువాలో ఇన్సూరెన్స్ కాగితాలు వెతుకుతుంటే డిశ్చార్జి కాగితం దొరికింది. ఇంగ్లీషులో ఉంది, నన్నే చదవమన్నారు. చదివి చెప్పాను. ఆవిడ ఏడవలేదు. "ఈ మాత్రం నాకు చెప్పుంటే పోయేది కదండీ" అని గాలిలోకి అన్నారు, ఆయన ఎదురుగా ఉన్నట్టు.

మీ విషయంలో రోగం దాపరికం లేదు, అదృష్టం. దాపరికం అంతా ఆ హాల్లోని మంచంలో ఉంది.

అర్ధరాత్రి ఫ్యాన్ ఎందుకు పెంచుతున్నారో ప్రపంచంలో అందరికంటే మీకే బాగా తెలియాలి. ముట్లు ఆగే రోజుల్లో మీకూ వచ్చి ఉంటుంది. ఛాతీలోంచి మొహానికి ఆవిరి కొట్టినట్టు లేచి, జాకెట్టు తడిసిపోయి, రెండు నిమిషాల్లో చలి పుట్టడం. ఆయనకు ఇప్పుడు అదే జరుగుతోంది. మీకు ఏళ్ల మీద మెల్లగా తగ్గిన హార్మోను ఆయనకు మూడు వారాల్లో పడిపోయింది. కన్నీళ్లు, విసుగు, నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం చాలావరకు దాని నుంచే. స్టెరాయిడ్ మాత్ర కూడా కొందరికి నిద్రనూ షుగర్‌నూ పాడు చేస్తుంది. దాంపత్యం మీద కోరిక పోవడం ఈ మందు వాడే దాదాపు అందరికీ జరిగేదే. మీ మీద ఇష్టం పోయి కాదు. ఆయన హాల్లోకి ఎందుకు వెళ్లారో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. చెమటకు సిగ్గుపడి కావచ్చు. పక్కన పడుకుంటే మీరు ఏదో ఆశిస్తారని, తాను ఇవ్వలేనని భయపడి కావచ్చు. ఫ్యాన్ వేస్తే మీకు చలని కూడా కావచ్చు. ఈ మూడింటికి మూడు రకాల జవాబులున్నాయి. ఏదో తెలియాలంటే అడగాలి.

ఎలా అడగాలంటారా? అన్నం దగ్గర వద్దు, అబ్బాయి ఫోన్ స్పీకర్‌లో ఉన్నప్పుడు అసలే వద్దు. ఇంజెక్షన్ ఊసు కూడా ఎత్తకండి ఆ రోజు. పొద్దున నడకకు ఇద్దరూ వెళ్లండి. మొహాలు చూసుకోకుండా పక్కపక్కన నడుస్తుంటే మగవాళ్లకు మాట తొందరగా వస్తుంది, ఇది నేను చాలామందిలో చూశాను. మీ సంగతితో మొదలుపెట్టండి. "నాకు నలభై ఎనిమిదో ఏట ఇట్లాగే వేడి వచ్చేది, మీకు చెప్పలేదు" అనండి. ఆ మాటకు ఆయన ఏమంటారో వినండి. ఏమీ అనకపోతే ఇంకో పది అడుగులు ఊరికే నడవండి. కోరిక పోయినంత మాత్రాన పక్కన పడుకోవడం, కాళ్లు పట్టడం, చెయ్యి మీద చెయ్యి వేసి టీవీ చూడటం పోనక్కర్లేదని మీరే చెప్పాలి. ఆయన తనంతట తాను అడగరు.

"ఎందుకీ బతుకు" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితేనే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. డిప్రెషన్ ఈ మందుకు తెలిసిన దుష్ఫలితం, దానికి వైద్యం ఉంది.

ఆయన సూది వద్దంటున్నది రోగం పోయిందని కాదేమో, ఈ బాధలు భరించలేక కావచ్చు. అలాగైతే ఇంజెక్షన్ ఉంచి బాధలు తగ్గించడం ఇంకో దారి. వేడికి వెన్లాఫాక్సిన్, ఆక్సిబ్యుటినిన్ లాంటి మందులు ఇస్తారు. సాయంత్రం వేడి కాఫీ, కారం తగ్గించి చూడొచ్చు. నీరసానికి విశ్రాంతి కంటే వ్యాయామమే బాగా పనిచేస్తుంది. నడక ఒక్కటే చాలదు, కండ కరగకుండా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి కావాలి. వెన్నులో మచ్చలున్నాయి కాబట్టి ఏవి చేయొచ్చో ఫిజియోథెరపిస్టును అడిగాకే. ఈ మందు ఎముకలను గుల్ల చేస్తుంది, ఎముక సాంద్రత పరీక్ష చేశారా, కాల్షియం, విటమిన్ డి ఇస్తున్నారా కనుక్కోండి. రాగి సంకటి ఎలాగూ మీ ఇంటి తిండే, దాన్ని వదలకండి. ఎముకలకు ఇంజెక్షన్ ఇస్తామంటే ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. షుగర్ మూడు నెలలకోసారి చూడాలి.

ఖర్చు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ అది మీ మనసులో ఉందని తెలుస్తోంది. నాలుగు మాత్రలకు బదులు ఒకే మాత్రను తేలికపాటి టిఫిన్‌తో ఇచ్చినా పీఎస్‌ఏ తగ్గడంలో తేడా కనబడలేదని 72 మంది మీద చేసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. చిన్న పరిశోధనే, అయినా మన దేశంలో కొందరు డాక్టర్లు ఖర్చు భరించలేనివాళ్లకు ఆ పద్ధతి ఇస్తున్నారు. మీరు ఇప్పటిదాకా చేసింది అది కాదు, నాలుగూ తిండితో వేయడం వేరు. మీ డాక్టరు ఒప్పుకుంటారేమో అడగండి.

మరిది ఇచ్చిన పొడి పక్కన పెట్టేయండి. అందులో ఏముందో తెలియదు, అబిరాటెరోన్‌తోనే లివర్ మీద ఒక కన్నేసి ఉంచాలి. అయితే మరిదికి ఇంకా కిడ్నీ రాయి అని చెప్పి ఉంచడం న్యాయం కాదు. అన్నకు ఈ క్యాన్సర్ వస్తే తమ్ముడికి వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే రెట్టింపు. ఆయనా, మీ అబ్బాయీ పీఎస్‌ఏ పరీక్ష గురించి వాళ్ల డాక్టర్లతో మాట్లాడాలి. పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో బీఆర్‌సీఏ లాంటి జన్యు పరీక్ష కూడా సూచిస్తారు. ఆ జన్యువులో లోపం ఉంటే ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, కాబట్టి అది మీ అమ్మాయికీ సంబంధించిందే. తన కోసం చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి తమ్ముడి కోసం నోరు విప్పవచ్చు.

20వ తేదీ రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, వారాలకు వారాలు జరపొద్దు. ఈలోగా ఆయన చేతికి ఒక కాగితం, పెన్ను ఇచ్చి డాక్టరును ఏమేమి అడగాలో ఆయన్నే రాయమనండి. సూది మానితే ఏమవుతుందని రాసినా, ఆపరేషన్ అని రాసినా, మీరు చదవకూడనిది రాసినా అడ్డు చెప్పకండి. ఆ రోజు పిల్లలు వద్దు, మీరిద్దరే వెళ్లండి. గదిలోకి తానొక్కడినే పోతానంటే బయట బెంచీ మీద కూర్చోండి. ఆ కాగితం మాత్రం ఆయన చొక్కా జేబులో ఉందో లేదో ఇంట్లో బయల్దేరేటప్పుడే చూడండి.